తెర మీద వదిన

చొక్కాల ఫ్యాక్టరీలో సాయంత్రం గంట కొట్టగానే అందరికంటే ముందు చెప్పులేసుకునేది ఆమే. పగలంతా చెకింగ్ టేబుల్ ముందు నిలబడి, కుట్టి వచ్చిన ప్రతి చొక్కానీ లైటు కింద తిరగేసి, ఎక్కడ కుట్టు జారిందో, ఏ గుండీ వదులుగా ఉందో పట్టుకోవడం ఆమె పని. ఆ పని చేతులతోపాటు మనసుకీ అలవాటైపోయింది. పాలవాడు నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచించేది. నవ్వకపోతే ఏం దాస్తున్నాడా అని ఆలోచించేది. ఇంట్లోనూ వీధిలోనూ అందరూ ఆమెని సీఐడీ అనేవాళ్ళు. చాటున కాదు, మొహం మీదే.

ఆ పేరు ఊరికే రాలేదు. పెళ్ళయ్యాక కొన్నాళ్ళకి మొగుడి చొక్కా ఉతకబోతూ వాసన చూసి, అతనికి ఇంకెక్కడో ఇంకో కాపురం ఉందని పట్టుకుంది. అత్తింటివాళ్ళంతా "నీకు పిచ్చి" అన్నారు. పిచ్చి కాదని తేలాక ఎవరూ వచ్చి ఆ మాట వెనక్కి తీసుకోలేదు. పెట్టె సర్దుకుని అన్న ఇంటికి వచ్చేసింది. అప్పట్నుంచి తన ముక్కుని తప్ప ఎవర్నీ నమ్మలేదు.

అన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. వదిన సిటీ బస్సులో కండక్టరు. ఆవిడ "రైట్" అంటే బస్సుతోపాటు పక్కనున్న ఆటోలు కూడా కదిలేవి. ఒకరోజు టికెట్ కొనకుండా దబాయిస్తున్న ఓ పెద్దమనిషికి ఆవిడ నిలబెట్టి చెప్పిన పాఠం ఎవరో ఫోన్‌లో తీశారు. అది ఊరంతా తిరిగింది. ఆ వెనకే టీవీవాళ్ళు వచ్చారు. ఓ పెద్ద బంగళాలో కొంతమందిని పెట్టి తాళం వేస్తారట. మూలమూలకీ కెమెరా. వాళ్ళు తిన్నా, తిట్టుకున్నా, ఏడ్చినా జనం చూస్తారు. ఎవరుండాలో ఎవరు పోవాలో జనమే చెప్తారు.

"ఇన్నేళ్ళూ అందరూ నా చేతిలో టికెట్టే చూశారు. ఒక్కసారి నా మొహం కూడా చూడనీండి," అని వదిన పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ తెర మీద కనబడ్డ మొదటి సాయంత్రమే ఇంట్లో ఉల్లిపాయలు వేగుతున్న వాసన గుప్పుమంది. అన్న లేచి వంటింట్లోకి తొంగిచూశాడు. స్టవ్ ఆపే ఉంది.

"టీవీలోంచి, అన్నయ్యా," అంది సీఐడీ.

"ఓహో," అని అతను మళ్ళీ కూర్చున్నాడు. "ఎర్రగా వేగాయి. ఇంక దింపెయ్యాలి."

తెర మీద వదిన మూకుడు దింపింది.

మర్నాడు పక్కింటి టీచరమ్మ పిట్టగోడ మీంచి అడిగింది. "మీ టీవీలో వాసన బాగా వస్తోందా? మా దాంట్లో కాస్త పల్చగా ఉంది." వీధి చివర మెకానిక్కుని పిలిస్తే, వెనకవైపు చిల్లుల్లో దుమ్ము దులిపి, ఇక బాగా వస్తుందని చెప్పి వెళ్ళాడు. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ అంతే. ఆ బంగళాలో మిగతావాళ్ళు కనబడితే ఏ వాసనా లేదు. వదిన కనబడితే మాత్రం, ఆవిడ ఎక్కడుందో అక్కడి వాసన వచ్చేది. అదీ తెర మీద చూపించేది కాదు, ఆ క్షణాన ఆవిడ చుట్టూ నిజంగా ఉన్నది. మధ్యాహ్నం పాత ఎపిసోడ్ మళ్ళీ వేసినప్పుడు, తెర మీద ఆవిడ గుడ్లు వేయిస్తూ ఉన్నా గదిలోకి సబ్బు వాసన వచ్చేది. "స్నానం చేస్తున్నట్టుంది," అనేది టీచరమ్మ. అన్న సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూసేవాడు.

సీఐడీకి మాత్రం ఇది కాలక్షేపం కాదు, డ్యూటీ. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా! కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని, పక్కన చప్పుడైనా తల తిప్పకుండా కూర్చునేది. ఆ బంగళాలో ఒక పాటగాడున్నాడు. మెలితిప్పిన మీసం, మెడలో రంగురంగుల రుమాలు. వదిన పక్కన అతను నిలబడ్డప్పుడల్లా గులాబీ అత్తరు ఘాటుగా వచ్చేది.

"ఇవాళ అత్తరు ఎక్కువగా ఉంది," అంది ఒకరోజు.

"ఎండకి అతనికి చెమటలు పట్టుంటాయి," అన్నాడు అన్న.

"వంటింట్లో ఎండేమిటి?"

"ఒకే ఇంట్లో ఉన్నాక వాసన తగలదా? నువ్వు ఫ్యాక్టరీ నుంచి వస్తే నీ దగ్గర గంజి వాసన రాదూ? నేనేమైనా అంటున్నానా?"

"అన్నయ్యా, నువ్వు లిఫ్టులో ఇరుక్కున్నా, కాసేపు ఆగింది అంతే, అనుకునే రకం."

అతను నవ్వేశాడు. ఆమెకి నవ్వు రాలేదు. వదిన వెళ్ళిపోతే ఈ అమాయకుడి గతేమిటన్నది ఒక దిగులు. ఇంకో దిగులు ఎవరికీ చెప్పలేదు. ఆడపడుచు ఇంట్లో తిష్ట వేసినందుకు వదినకి ఎన్నాళ్ళుగానో లోపల కోపం ఉండే ఉంటుందని, అది బయటపడే రోజు కోసమే తను కాచుకుని ఉన్నానని ఆమెకి అనిపించేది. వదిన ఏనాడూ ఆ మాట అనలేదు. అననందుకే మరీ అనుమానం.

ఓ సాయంత్రం పోటీలో నీళ్ళ తొట్టి మీద నిలబెట్టిన ఇనప స్తంభం ఎక్కమన్నారు. వదిన సగం ఎక్కింది. జనం కేకలు. ఇంతలో ప్రకటనలు వచ్చాయి. అవి అయ్యాక చూస్తే అందరూ భోజనాల దగ్గరున్నారు. వదిన కూడా ఉంది, నవ్వుతోంది. కానీ గదిలోకి అన్నం వాసన రాలేదు. స్పిరిట్ వాసన వచ్చింది. ముక్కు పొడిచేసే దూదీ, మందూ కలిసిన వాసన.

యాంకరు చేతులు ఊపుతూ చెప్పాడు. "మా కండక్టరు మహారాణికి శుభ్రం ఎక్కువ కదండీ! ఇవాళ ఇల్లంతా మందు నీళ్ళతో కడిగించాం. మీకూ వస్తోందా వాసన?"

"వస్తోంది, వస్తోంది," అంది టీచరమ్మ తన ఇంట్లోంచే. ఊరంతా అదే అనుకుంది. అన్న కూడా తల ఊపాడు.

సీఐడీ ఊపలేదు. ఇల్లు కడిగితే ఒక పూట వస్తుంది వాసన. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. తెర మీద వదిన ఓసారి నీలం చీరలో, ఓసారి పచ్చ చీరలో మహా హుషారుగా తిరుగుతోంది. వాసన మాత్రం ఆసుపత్రిది.

ఆమె బుర్రకి మొదట తోచింది మంచి సంగతి కాదు. పాటగాడు, ఆసుపత్రి రెండూ కలిపి లెక్క కట్టేసింది. అన్నం తింటున్న అన్నతో అనేసింది కూడా.

"దాచాల్సిందేదో అయుంటుంది. అందుకే చాటుగా ఆసుపత్రికి తీసుకెళ్ళుంటారు. ఆడవాళ్ళు చాటుగా వెళ్ళేది దేనికో నేను విడమరిచి చెప్పాలా?"

అన్న ముద్ద కంచంలో వదిలేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. జీవితంలో మొదటిసారి చెల్లెలి వంక కోపంగా చూశాడు.

"నీ మొగుడు చేశాడని లోకమంతా అదే చేస్తుందా?" అన్నాడు. వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు ఫ్యాక్టరీలో ఆమె చేతిలోంచి ఓ చొక్కా గుండీ లేకుండానే దాటిపోయింది. సూపర్‌వైజరు తెచ్చి చూపించాడు. "నువ్వేనా?" అని ఆశ్చర్యపోయాడు. ఆమెకి ఏడుపొచ్చింది, గుండీ కోసం కాదు.

ఆ సాయంత్రం అన్న ఇంకా పని నుంచి రాలేదు. ఒక్కతే టీవీ ముందు కూర్చుంది. తెర మీద పాటగాడు వదినకి ఆనుకుని కూర్చుని ఏదో పాడుతున్నాడు. ఆమె ముందుకి వంగింది. ఇంకా వంగింది. ముక్కు తెరకి తగిలింది.

గులాబీ అత్తరు లేదు.

ఇన్నాళ్ళూ ఉన్నదాని కోసం వెతికిన మనిషికి, లేనిది ఇప్పుడు తగిలింది. అంత దగ్గరగా కూర్చున్న మనిషి వాసన రాలేదంటే, అతను అక్కడ లేడు. లేదా వదిన అక్కడ లేదు. ఇది పాత బొమ్మ. ఎప్పుడో తీసింది ఇవాళ్టిదని వేస్తున్నారు. స్పిరిట్ కింద ఇంకేదో ఉంది. తియ్యగా, బరువుగా. చీము. దానికి దూరంగా, గాలి మళ్ళినప్పుడల్లా వచ్చి పోతూ, వేడి బిస్కెట్ల వాసన.

అన్న వచ్చేసరికి ఆమె ఫోన్‌లో ఉంది. టీవీ కంపెనీ అమ్మాయి గొంతు తేనెలా ఉంది.

"మేడం చాలా హుషారుగా ఉన్నారండీ. ఇందాక ఎపిసోడ్ చూడలేదా?"

"చూశాను. ఒక్కసారి మాట్లాడించండి."

"రూల్స్ ఒప్పుకోవండీ."

"కాలికి తగిలిందా, చేతికి తగిలిందా? అదైనా చెప్పండి."

అవతల ఠక్కున ఫోన్ పెట్టేశారు.

సీఐడీ అన్న వైపు తిరిగింది. "నిన్న అన్నది తప్పే. తిట్టు, తర్వాత తిట్టు. ముందు ఇటొచ్చి వాసన చూడు."

అతను నిన్నటి కోపంతోనే వచ్చాడు. వంగి చూశాడు. మొహం పాలిపోయింది.

"బిస్కెట్లు..." అన్నాడు నెమ్మదిగా. "బిస్కెట్ ఫ్యాక్టరీ వెనక సందులో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. దాని లిఫ్టు నేనే చూస్తాను."

పనిసంచీ ఇంకా భుజానే ఉంది. అలాగే బయల్దేరారు.

నర్సింగ్ హోమ్ కౌంటరులో కూర్చున్నావిడ, అలాంటి పేషంటెవరూ మా దగ్గర లేరంది. అడగని సంగతులు కూడా చెప్పింది. పై అంతస్తు ఖాళీ అంది, రంగులు వేయిస్తున్నామంది. ఒకటి అడిగితే మూడు చెప్పేవాళ్ళ సంగతి సీఐడీకి బాగా తెలుసు. అన్న కేసి చూసింది. అతను సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి, పుట్టి బుద్ధెరిగి మొదటి అబద్ధం ఆడాడు.

"లిఫ్టు శబ్దం చేస్తోందని ఫోన్ చేశారు కదండీ. ఓసారి పైదాకా వెళ్ళొస్తాం."

పై అంతస్తులో రంగుల వాసన లేదు. చివరి గది తలుపు దగ్గర టీవీ కంపెనీ బనీను వేసుకున్న ఒకతను కుర్చీ అడ్డంగా వేసుకుని ఫోన్ చూస్తున్నాడు. వీళ్ళని చూసి లేచి నిలబడ్డాడు.

"ఎవరు మీరు? లోపలికి ఎవరూ వెళ్ళకూడదు."

"నేను ఆవిడ ఆడపడుచుని," అంది సీఐడీ. "అడ్డం తప్పుకో. లేకపోతే ఇక్కడ నేను పెట్టే కేకలకి కింద రోడ్డు మీద బస్సులు ఆగుతాయి."

అతను తప్పుకున్నాడు.

వదిన మంచం మీద ఉంది. జ్వరంతో మొహం ఎర్రబడింది. స్తంభం మీంచి జారినప్పుడు తుప్పు పట్టిన కొక్కెం కాల్లో దిగిందట. పైపైన కుట్లేసి, ఫైనల్ అయ్యేదాకా బయటికి పొక్కకూడదని ఇక్కడ పడేశారు. ఊరంతా ఆవిడ కోసమే చూస్తోంది. ఆవిడ లేదంటే చూసేవాళ్ళెవరు? కట్టు కింద పాదం నల్లబడి, బూరెలా ఉబ్బి ఉంది.

అన్న ఆ కాలు చూసి గోడకి ఆనుకుపోయాడు. వదిన కళ్ళు తెరిచి ముందు అతన్ని కాదు, ఆడపడుచుని చూసింది.

"వచ్చావా?" అంది పొడిబారిన పెదాలతో. "కంపెనీవాళ్ళు ఇంటికి కబురు పెట్టారట. నువ్వే రావద్దన్నావని, మీ అన్నని కూడా రానివ్వలేదని చెప్పారు."

"నమ్మావా?"

"నమ్మాను. నువ్వు కదా!"

సీఐడీ మంచం పక్కన చతికిలబడింది. ఆ మాట ఎంత గుచ్చుకోవాలో అంతా గుచ్చుకుంది. వదిన చెయ్యి పట్టుకుంది. నిప్పులా కాలిపోతోంది.

"నేను కూడా నిన్ను అనుమానించాను," అంది.

"దేనికి?"

"జ్వరం తగ్గాక చెప్తాలే. ఇప్పుడు చెప్తే లేచి కొడతావు."

అన్న అప్పటికి తేరుకున్నాడు. మంచాన్ని చక్రాలతో సహా లాక్కొచ్చి లిఫ్టులో పెట్టాడు. కిందకి దిగేదాకా వేరే ఎవరు ఏ అంతస్తులో బటను నొక్కినా అది ఆగకుండా చూసుకున్నాడు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, వీళ్ళ వంక చూడకుండానే ఆపరేషన్ గదిని సిద్ధం చెయ్యమంది. చాలాసేపటి తర్వాత బయటికొచ్చింది.

"కాలు నిలబడుతుంది," అంది. "రేపు తెచ్చుంటే మోకాలి దాకా తీసేయాల్సొచ్చేది. ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చారు?"

"మాకు ఇవాళే వాసన తగిలిందండీ," అన్నాడు అన్న. డాక్టరమ్మ సరేనని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రానికి జ్వరం దిగింది. వార్డులో గోడకున్న టీవీని ఎవరో పెట్టారు. తెర మీద వదిన పచ్చ చీరలో చప్పట్లు కొడుతూ, గలగలా నవ్వుతోంది. చుట్టుపక్కల మంచాల మీదవాళ్ళు అటోసారి, ఇటోసారి చూశారు. వదిన మొహం పక్కకి తిప్పుకుంది.

"ఆపించమ్మాయ్. సిగ్గుగా ఉంది."

"ఉండనీ," అంది సీఐడీ. సంచీలోంచి నారింజపండు తీసి, మంచం మీద వదిన మొహానికి దగ్గరగా కూర్చుని, గోరుతో తొక్క గిల్లింది. సన్నటి తుంపర లేచింది. అదే వాసన గోడ మీది టీవీలోంచీ వచ్చింది. అప్పుడే ఊళ్ళో ప్రతి ఇంట్లోంచీ కూడా వచ్చుండాలి.

కాసేపటికి ఫోన్ మోగింది. టీచరమ్మ.

"ఏమ్మా, తెర మీద ఆవిడ చప్పట్లు కొడుతోంది. ఇక్కడ మాకు నారింజపండు వాసనొస్తోంది. దాంతో మందుల వాసన కూడా ఉంది. ఆవిడ ఆ ఇంట్లో లేదు కదూ?"

"లేదండీ. పెద్దాసుపత్రిలో ఉంది."

అవతల టీచరమ్మ ఎవరితోనో గట్టిగా ఆ మాట చెప్పింది. ఆ ఎవరో ఇంకెవరికో చెప్పడం వినిపించింది. మళ్ళీ లైనులోకి వచ్చింది.

"మరి ఆ పండు ఎవరు వలుస్తున్నారు?"

సీఐడీ ఒక తొన వదిన నోట్లో పెట్టింది. "నేనేనండీ."

"అయితే సరే," అంది టీచరమ్మ. "ఇంక మాకు బెంగ లేదు."