అందరికీ అర్థమయ్యేదాకా

ఆ కాలేజీలో మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ పిల్లలకి కాలిక్యులస్ క్లాసులు రెండు. ఏది కావాలో వాళ్లే ఎంచుకోవాలి. మేడమీది క్లాసులో పాఠం పరుగులు పెడుతుంది, అందినవాడికి అందినంత. కింది క్లాసులో చివరి మనిషికి అర్థమయ్యేదాకా గోడగడియారం కదలదు. బయట గడిచేది గంటే అయినా లోపల గోళ్లు పెరుగుతాయి, గడ్డాలు పెరుగుతాయి. అందుకే ఆ పిల్లలు పుస్తకాలతో పాటు కత్తెర కూడా తెచ్చుకుంటారు. పాఠం చెప్పే మేడం ఉద్యోగంలో చేరి మూడేళ్లే, తల మాత్రం ముగ్గుబుట్ట అయిపోయింది.

బస్సు డ్రైవరు కూతురు మేడమీదే చేరింది. బడిలో లెక్కలన్నీ బట్టీపట్టి ఫస్టొచ్చిన పిల్లాయె, కింద కూర్చుంటే పరువేం కాను? తీరా వెళ్తే ఒక్క ముక్క తలకెక్కలేదు. మొదటి పరీక్షలో గుండుసున్నా. లెక్కల్లో తప్పితే ఇంటికి పంపేస్తారు. అక్కడ వాళ్ల నాన్న బస్సెక్కిన ప్రతివాడికీ "మా అమ్మాయి ఇంజనీరు" అని అప్పుడే చాటేస్తున్నాడు. తిండి సయించక, నిద్ర పట్టక ఆ పిల్ల సగమైపోయింది.

క్లాసు మారడానికి ఆఖరి రోజు వచ్చింది.

"కిందికి పోవే, బతికిపోతావ్" అంది హాస్టల్ గదిలో తనతో ఉండే స్నేహితురాలు.

"నా ఒక్కదాని కోసం అంతమంది ముసలాళ్లైపోవాలా?"

"అయితే పెట్టె సర్దుకో. ఇంటికెళ్తే ఎవరూ ముసలాళ్లవ్వరు."

కాళ్లీడ్చుకుంటూ కింది క్లాసుకే వెళ్లింది. పాఠం చెప్పడం అయింది. ఒక్కొక్కరే "అర్థమైంది మేడం" అన్నారు. గడియారం కదల్లేదు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"అర్థమైంది" అంది తనూ. ముల్లు కదల్లేదు. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా అంది. వెనక కుర్రాడి గడ్డం గుండెల మీదికి దిగింది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

మేడం వచ్చి పక్కన కూర్చుంది. "ఎక్కడ ఆగిపోయావమ్మా?"

"నా వల్ల మీరందరూ..."

"మా సంగతి మాకొదిలెయ్. ఎక్కడ?"

"ఏడో తరగతిలో మేడం. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో నాకు తెలీదు. అప్పట్నుంచీ అన్నీ అర్థమైనట్టే చెప్తున్నాను" అని భోరుమంది.

ఎవరూ నవ్వలేదు. "పోయినసారి నాకోసం ఆగారులే, భిన్నాల దగ్గర" అన్నాడు వెనక కుర్రాడు, కత్తెర వెతుక్కుంటూ.

మేడం బోర్డంతా తుడిచేసి, ఏడో తరగతి నుంచి మొదలుపెట్టింది. ఎన్నాళ్లు పట్టిందో లోపలున్న ఎవరూ లెక్కపెట్టలేదు. ముల్లు కదిలేసరికి మేడం కర్ర ఊతంతో నిలబడి ఉంది.

బయట ఇంకా అదే మధ్యాహ్నం. తండ్రి ఫోన్ చేశాడు.

"తల్లీ, ఇవాళ్టి క్లాసు అర్థమైందా?"

"అర్థమైంది నాన్నా." ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి.

అటునుంచి బస్సుకి బ్రేకు వేసిన చప్పుడు వినిపించింది.

"మీరెవరమ్మా?" అన్నాడు తండ్రి మర్యాదగా. "ఒక్కసారి మా అమ్మాయికి ఫోనిస్తారా?"