కప్పులు కడిగే ఆమె

అక్షరాలు నేర్చుకుని మూడేళ్లే అయింది. ఒత్తులు తప్పితే మన్నించండి, ఈ రెండు కాగితాలకే పదకొండు రోజులు పట్టింది. ఇది నా సంగతే. కానీ పక్కింటామె గురించి చెబుతున్నట్టు రాస్తేనే చెప్పగలను.

ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చి వెనక గదిలో హదస్సమ్మ కప్పులు కడిగేది. ప్రభువు బల్లకు, అంటే క్రీస్తును తలచుకుని అందరూ రొట్టె, రసం తీసుకునే ఆరాధనకు, ద్రాక్షరసం పోసే చిన్న గాజు కప్పులు, బొటనవేలంత. వేడినీళ్లలో ముంచి, పాత పంచె గుడ్డతో ఒక్కొక్కటే తుడిచి బోర్లించాలి. ముప్పై ఆరేళ్లు కడిగింది. వాటితో తాగింది మాత్రం ఏ నాలుగైదు సార్లో.

దానికి కారణం శనివారం సాయంత్రాలు. భర్త జ్ఞానశేఖర్ రైల్వే ఆఫీసులో గుమాస్తా, సంఘంలో పెద్ద. బల్లకు ముందురోజు కుటుంబ ప్రార్థన అయ్యాక ఆమె తప్పులు చెప్పేవాడు. "మొన్న మా అమ్మకు ఎదురు చెప్పావు. బుధవారం నేనొచ్చేసరికి ఇంట్లో లేవు, మోండా మార్కెట్లో కబుర్లు. అర్హత లేకుండా బల్లకొస్తే శిక్ష తెచ్చుకున్నట్టే, హదస్సా. ఈసారి వద్దులే. వచ్చే నెల చూద్దాం." గొంతు పెంచేవాడు కాదు. ఆమె మంచికే చెబుతున్నట్టుండేది. బైబిలు అతని చేతిలో ఉంది, ఆమెకు చదువు రాదు. వాక్యం అలాగే ఉందేమో అనుకునేది. వచ్చే నెల కోసం ఇంకాస్త ముందు లేచేది, అత్తగారి కాళ్లు ఇంకాసేపు పట్టేది. ఆదివారం అందరూ ముందుకు నడుస్తుంటే వెనక గదిలో నీళ్లు కాచుకునేది. పని ఉండి రాలేదనుకునేవారు జనం. ఆ మాటే ఆమెకు మరుగు.

అతను పోయి ఐదేళ్లయింది. ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా బల్లకు వెళ్లలేదు. "ఈసారి రా" అనే మనిషి లేడు మరి. ఖాళీ ఇంట్లో శనివారం సాయంత్రం కూర్చుని తన తప్పులు తానే చెప్పుకునేది, అతని గొంతుతో.

పైవాటాలో ఉండే ప్రిసిల్లా టీచరు రిటైరయ్యాక ఆమె చేత అక్షరాలు దిద్దించింది. మొన్న వేసవిలో, వేలు పెట్టి బైబిలు కూడబలుక్కుంటూ చదువుతున్న హదస్సమ్మ ఒకచోట ఆగిపోయింది. పాపం నుంచి రక్షణ మనం చేసిన పనులకు జీతం కాదట, దేవుడు ఊరికే ఇచ్చే వరమట. తప్పు చదివానేమోనని పైకెళ్లి చూపించింది.

"సరిగ్గనే చదివినవ్ అక్కా. పాస్టర్ గారు బల్ల ముంగట ప్రతి నెలా చెప్తరు గద."

"అప్పుడు నేను వెనక గదిలో ఉంటాను."

ప్రిసిల్లా నవ్వబోయి ఆగింది.

"మా ఆయన ఈ పేజీ ఎన్నిసార్లు చదివుంటాడంటావు?"

టీచరు స్టవ్ వెలిగించింది. "జెర చాయ్ తాగుతవా?" అంది.

మెట్లు దిగి ఇంట్లోకి వచ్చింది. ఊరికే ఇచ్చేదాని కోసం ఇన్నేళ్ల చాకిరీ. చెప్పుకుందామంటే గోడ మీద అతని ఫొటో తప్ప ఎవరూ లేరు.

తర్వాతి మొదటి ఆదివారం పాట మొదలైంది. స్త్రీల సమాజం చూసుకునే క్యారల్ వంగి చెవిలో అడిగింది. "ఆంటీ, ఇంకా నీళ్లు పెట్టలే? కప్పులెవరు కడుగుతరు?"

"తాగాక చూద్దాం" అని లేచింది.

ఆ వారం పాలవాడితో పోట్లాడింది. రెండు రోజులు ప్రార్థన కూడా ఎగ్గొట్టింది. పక్కన ఎవరూ లేకుండా, ఆ పొడుగాటి నడవంతా ఒక్కతే నడిచి చెయ్యి చాపింది. అంచు పెచ్చు ఊడిన కప్పు వచ్చింది. ఎన్నోసార్లు తుడిచిన కప్పే. ఇన్నేళ్లూ దాన్ని ఖాళీగానే చూసింది.

హదస్సమ్మ, అరవై ఎనిమిదేళ్లు, మెట్టుగూడ, సికింద్రాబాదు.