ముందు పాలు, తర్వాత పసుపు

దానం పట్టిన చేతులతో దేవుని దగ్గర దీపం పెట్టొచ్చా? ఈ అనుమానం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. సూర్యాపేట బయట సర్కారు కట్టించిన కాలనీలో మాకు ఇల్లు వచ్చిన నాడు మొదలైంది. ఇంటి గోడ మీద పథకం పేరు రాసి, దాని కింద 'లబ్ధిదారు ముత్తయ్య' అని నా భర్త పేరు రాసిపోయారు. పొద్దున్నే ముగ్గు వేసి తలెత్తితే ముందు ఆ మాటే కనపడేది. గుడిలో అయ్యగారిని అడిగితే, "ప్రజల సొమ్ము ప్రజలకొస్తే దానమెట్లయితది పద్మమ్మా" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ తీసుకునేటప్పుడు మా తలలు ఎందుకు వంగుతాయో ఆయన చెప్పలేదు.

మేమంతా పెన్‌పహాడ్ వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరులం. మేత భూములు ప్లాట్లయ్యాక మందలు అమ్ముకుని, పట్నంలో హమాలీ పనికి చేరాం. రెండు వేల తొమ్మిదిలో ఒక కొత్త పథకం వచ్చింది. కాలనీ కుటుంబాలు సొంత కాళ్ళ మీద నిలబడాలని ఇంటికో పాడి బర్రె ఇస్తారట. సగం సర్కారు గ్రాంటు, సగం బ్యాంకు అప్పు. బర్రెలు తెచ్చే కాంట్రాక్టు దామోదర్ దొరకు దక్కింది. మా ఊళ్ళో సగం చెలక భూమి ఆయనదే. మా మామ ఆయన తండ్రి మందలు కాసినవాడే.

బర్రెలు దిగిన రోజు షామియానా వేశారు, ఫ్లెక్సీలు కట్టారు. డీసీఎం వ్యాన్ల నుంచి బర్రెలు దిగుతుండగానే దామోదర్ మనుషులు పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు పెట్టిన పళ్ళేలు మా ఆడవాళ్ళ చేతుల్లో పెట్టారు.

"సార్లు వస్తున్నరు, జల్ది లచ్చిమికి హారతియ్యండ్రక్కా" అన్నాడు దామోదర్ నవ్వుతూ.

మాలో ఒక పద్ధతి ఉంది. పశువును కొనేముందు నడిపించి చూస్తాం, పొదుగు పట్టి చూస్తాం, రెండు పూటలా పాలు పిండి చూస్తాం. నచ్చితేనే ఇంటికి తోలుకొస్తాం. గడప ముందు కాళ్ళు కడిగి కుంకుమ పెట్టామా, ఇక అది ఇంటి లక్ష్మి. దాన్ని ఒక్క మాట అనం, తిరిగి తోలెయ్యం. ఈ సంగతి దామోదర్‌కు తెలుసు. మా మధ్య పెరిగినవాడికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? అందుకే మొదట చేయాల్సింది దాటవేసి, చివర చేయాల్సింది ముందు చేయించాడు.

అందరం కాళ్ళు కడిగాం. బొట్లు పెట్టాం. అప్పుడు చూశాం. నా బర్రె పక్కన కట్టిన దుడ్డె, పాలు తాగే దూడ, పొదుగులో మూతి పెట్టబోయింది. బర్రె దాన్ని వాసన చూసి ఎగిరి తన్నింది. పక్కింటి ముందూ అదే జరిగింది, దాని పక్కనా అదే. పాడి ఉన్నట్టు కనపడేలా ఒట్టిపోయిన బర్రెలకు వేరే బర్రెల దుడ్డెలను జతకట్టి తెచ్చారు. పుట్టినప్పటి నుంచి పశువుల మధ్య బతికినవాళ్ళం, మాకు కనపడకుండా ఉంటుందా?

"దుడ్డె దీనిది కాదు" అన్నాడు నా భర్త గొంతు తగ్గించి.

పక్కింటి వెంకటమ్మత్త గుడ్లురిమింది. "నోర్ముయ్‌రా ముత్తిగా. కుంకుమ పెట్టినంక గా మాట అంటరా? ఉత్తగ వచ్చినదానికి పండ్లు లెక్కవెడుతున్నవా?"

ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఫొటోకు నిలబడ్డాం. సాయంత్రం టీకాలు వేయించాలని దుడ్డెలను తోలుకుపోయారు. మళ్ళీ తేలేదు.

ఆ తర్వాత నెలల తరబడి గడ్డి కొన్నాం, తవుడు కొన్నాం. చెంబుడు పాలు చూడలేదు. బ్యాంకు వాళ్ళు వచ్చి మా అరుగుల మీద కూర్చునేవారు. వాళ్ళు లేచిపోయేదాకా లోపల పిల్లలు అన్నం ముట్టేవారు కాదు. ఒకనాడు పథకం చూసే సర్కారు ఆఫీసర్ కాలనీ నడుమ నిలబడి అన్నాడు: "ఇల్లిచ్చినం, బర్రెనిచ్చినం. ఎంతిచ్చినా మీరు గింతే. కిస్తు కట్టకపోతే ఇంటి పట్టా ఆపేస్త."

మేం నేల చూశాం. హోటళ్ళలో మాది 'ఒట్టి బర్రెల కాలనీ' అయింది. మగవాళ్ళు ఆటో ఎక్కితే కాలనీ పేరు చెప్పలేక ముందరి మూలమలుపులోనే దిగి నడిచి వచ్చేవాళ్ళు. ఇల్లు పోతుందన్న భయం ఒక వైపు, మోసపోయామని చెప్పుకోలేని సిగ్గు ఒక వైపు.

మా మరిది కూతురు శోభ మిర్యాలగూడలో డిగ్రీ చదువుతూ విద్యార్థి సంఘంలో తిరిగేది. సెలవులకు వచ్చి నీళ్ళ ట్యాంకు కింద అందరినీ కూర్చోబెట్టింది.

"దొంగతనం చేసినోడు కారుల తిరుగుతుండు. మీరెందుకు దాసుకుంటున్నరు?"

"నువ్వు సదువుకున్నవ్ బిడ్డా, నీకు ఎర్కలేదు" అన్నది వెంకటమ్మ. "లచ్చిమిని వాపస్ తోలితే ఇల్లు ఆగమైతది."

"ఇల్లు ఎట్లనన్న ఆగమే అవుతున్నది గద అత్తా" అన్నాడు ఒకడు.

"దొరతోని పెట్టుకుంటవా? రేపు హమాలీ పని ఎవడిస్తడు, గీ శోభ ఇస్తదా?" అని వెంకటమ్మ అతని మీద విరుచుకుపడింది.

గొడవ పెరిగింది. నేను సభల్లో మాట్లాడిన మనిషిని కాను. అయినా నోరు తెరిచాను. "అత్తా, నాకొక్క అనుమానం. మనం లచ్చిమికి మొక్కినం, నిజమే. దామోదర్ గా దుడ్డెలను తల్లుల నుంచి ఇడదీసి తెచ్చి, మనతోని మొక్కిపిచ్చిండు. అంటే మన మొక్కుతోని దొంగతనం కప్పుకున్నడు. నోరు మూసుకుంటే దేవునికి మర్యాదా, దామోదర్‌కా?"

వెంకటమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్. మిగిలినవాళ్ళు కూర్చునే ఉన్నారు. తెల్లారితే కోదాడ కాలనీలో ఇదే దామోదర్ బర్రెలు పంచుతాడని శోభ చెప్పింది. వెళ్దామని తీర్మానించాం.

నా బర్రెను ట్రాలీ ఆటో ఎక్కించాం. వెనక రెండు ట్రాలీల నిండా జనం. కోదాడలోనూ అదే షామియానా, అవే పళ్ళేలు. బర్రెలు దిగుతున్నాయి. ఆడవాళ్ళు కాళ్ళు కడగడానికి బిందెలు ఎత్తారు.

"ఆగుండ్రి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "పళ్ళేలు కింద పెట్టుండ్రి. ముందు పాలు పిండుండ్రి, తర్వాత పసుపు పెట్టుండ్రి."

దామోదర్ వేదిక దిగి వచ్చాడు. "పద్మమ్మా, మీ మామ మా ఇంట్ల అన్నం తిన్నడు. యాదున్నదా?"

"మీ మందలు కాసి తిన్నడు దొరా" అన్నాడు ముత్తయ్య. "గిప్పుడు గీ బర్రెకు పాలు పిండి సూపియ్యి. నీ చేత్తోనే."

జనం నవ్వారు. దామోదర్ మొహం మాడింది. ముందు వరుసలో గౌరీబాయి అనే లంబాడా ఆమె పళ్ళెం పక్కన పెట్టి, తన వంతు బర్రె కింద కూర్చుంది. పొదుగు పట్టి లాగింది, మళ్ళీ లాగింది. లేచి చేతులు దులుపుకుంది.

"ఇదేందండీ, ఇంత ఎండిపోయి ఉంది. మా కళ్ళకు గంతలు కడదామనుకున్నారా? మేం బొట్టు పెట్టం. ఈ బండ్లు కదలనివ్వం."

పళ్ళేలు ఒక్కొక్కటిగా నేల మీదికి దిగాయి. ఆడవాళ్ళు పోయి డీసీఎంల చక్రాల ముందు కూర్చున్నారు. మా కాలనీ, వాళ్ళ కాలనీ కలిసిపోయాయి. ఎవరు ఎక్కడివాళ్ళో తెలియలేదు. పోలీసులు వచ్చి, సర్కారు కార్యక్రమానికి అడ్డం వచ్చారని ముత్తయ్యనూ శోభనూ జీపెక్కించారు. జీపు ముందు గౌరీబాయి పడుకుంది. ఆమెను లాగేస్తే ఇంకొకామె పడుకుంది. ఆ రోజు కోదాడలో ఒక్క బర్రెకూ బొట్టు పడలేదు.

ఇద్దరూ నల్లగొండ జైల్లో ఉండగానే రెండు కాలనీలు కలెక్టరాఫీసు ముందు ఒట్టి బర్రెలను కట్టేసి కూర్చున్నాయి. కాలనీ పేరు మేమే అట్టల మీద రాసి పట్టుకున్నాం. విచారణ జరిగింది. దామోదర్ కాంట్రాక్టు పోయింది, దామోదర్ మాత్రం బయటే తిరుగుతున్నాడు. పట్టాలు చేతికి ఇచ్చారు. బర్రెలు మార్చి ఇచ్చారు. ఈసారి ఇచ్చేవాళ్ళను నిలబెట్టి, రెండు పూటలు పిండి చూసి, అప్పుడు కాళ్ళు కడిగాం. ముత్తయ్య, శోభల మీద కేసు ఇంకా నడుస్తోంది. మిర్యాలగూడ కాలనీకి దామోదర్ బావమరిది పేరు మీద బర్రెలు వస్తున్నాయని కబురు తెలిసింది. వెళ్ళడానికి సిద్ధమయ్యాం.

బయలుదేరే పొద్దున బర్రె నిండుగా చేపింది. నేను చెంబు నింపి వెంకటమ్మ గడపలోకి వెళ్ళాను. నా పెద్దోడు పాలకు ఏడ్చే వయసులో నాకు పాలు లేకపోతే ఆమె తన మేకల పాలు పోసి పెంచింది. మాలో పాలు బదులు తెచ్చుకుంటే పాలే తిరిగి పోయాలి. మందలు అమ్ముకున్నాక ఇంట్లో పాడి లేక నేను ఇన్నేళ్ళూ పోయలేకపోయాను. అందుకే ట్యాంకు కింద ఆ ఒక్కసారి తప్ప, ఆమె ఎన్ని మాటలన్నా ఎదురు చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె చెంబులో వేలు ముంచి చూసింది. చిక్కదనం చూసి తల ఊపింది. పాలు తన గిన్నెలోకి ఒంపుకుని, చెంబు నా చేతికిచ్చి, కొంగు నడుముకు దోపింది.

"నీ బాకి తీరింది పద్మా. ఇగ మిర్యాలగూడకు నీ మొకం సూసి వస్తున్న అనుకోకు. నా కోసం నేనే వస్తున్న."