వండి వడ్డించిన కలలు

ఈ వారం కల ఇంకా తయారు కాలేదు. పొద్దున గిన్నెలు తోముతున్నంతసేపూ అదే ఆలోచన. సాయంత్రం ఐదింటికి కౌన్సెలర్ దగ్గర ఉండాలి, ఆవిడకేమో కలలంటే ప్రాణం. "మనసు అడుగున ఉన్నది కలలోనే పైకి తేలుతుందమ్మా. ఏ కలొచ్చినా చెప్పండి" అన్నారు మొదటిరోజే. నాకా, పక్క మీద వాలితే అలారం మోగేదాకా ఒళ్ళు తెలియదు. కలలు రావంటే పాపం నొచ్చుకుంటారేమోనని, తలుపు లేని ఇల్లొకటి కలలో కనిపించిందని అప్పటికప్పుడు చెప్పేశాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. గబగబా రాసుకున్నారు. అంతే, అలవాటైపోయింది. ఎవరి రుచికి తగ్గట్టు వాళ్ళకి వండిపెట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. మావారికి కారం, అత్తగారికి చప్పిడి, ఈవిడకు కలలు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, పదకొండు వారాల్లో నదులు, మెట్లు, రెక్క తెగిన పక్షి, అన్నీ అతికించాను.

నన్నక్కడికి పంపింది మావారే. ఓ పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు కడుగుతూ ఏడ్చాను. ఎందుకో తెలీదు, ఆపుకోలేకపోయాను. మర్నాడూ అంతే. "నీకేం తక్కువైందమ్మా ఈ ఇంట్లో? పక్కవాళ్ళు వింటే కోడల్ని రాచిరంపాన పెడుతున్నామనుకోరూ?" అన్నారు అత్తగారు. "ఎవరికైనా చూపించుకో. త్వరగా తగ్గించుకో" అన్నారాయన, పాడైన మిక్సీని బాగుచేయించుకు రమ్మన్నట్టు. నేను పనిచేసేది కంటి ఆసుపత్రి రిసెప్షన్లో. నవ్వుతూ కూర్చోవడమే ఉద్యోగం. "మీరలా నవ్వుతుంటే పేషెంట్లు ఎంతసేపైనా గొడవ చేయరండీ" అంటాడు మేనేజరు. సెలవడిగితే మాత్రం "కూర్చుని చేసే పనేగా" అంటాడు.

తీరా చివరికి ఓ పడవ కల సిద్ధం చేసుకుని వెళితే, నేను నోరు విప్పేలోపే కౌన్సెలర్ నోట్‌బుక్ మూసేశారు. "చాలా ఎదిగారమ్మా మీరు. మీ కలలే చెబుతున్నాయి. పోయినవారం ఆ ఇంటికి తలుపొచ్చింది చూశారా? వచ్చేవారంతో ముగించేద్దాం" అన్నారు. ఆ మొహంలో నిజమైన సంతోషం. ఊరుకుంటే నాకు నయమైపోయినట్టే. ఇక ఏడవడానికి ఎక్కడా ఒక్క గది కూడా మిగలదు. నిజం చెప్పానా, నన్ను చూసి సంతోషపడే ఒక్క మనిషీ పోతుంది.

"అవన్నీ నేను కల్పించినవే మేడం. ఒక్కటీ నిజం కాదు" అన్నాను.

పెన్నుకి మూత పెడుతున్న చెయ్యి ఆగిపోయింది. ఇన్ని వారాలుగా దేనికి భయపడ్డానో అదే జరిగింది, ఆవిడ మొహం చిన్నబోయింది. "కానీ నాకు చాలా మేలు జరిగింది మేడం" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బలవంతాన మింగాను. ఒకరిని నొప్పించి, వెంటనే మందు రాయకుండా కూర్చోవడం నా జన్మలో అదే మొదలు.

ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు. "బాధ కలగలేదంటే నేనూ అబద్ధమాడినదాన్నే అవుతాను. కానీ ఒక్కటి చెప్పండి. ఆ కలల్లోకి మీవారొచ్చారు, అత్తగారొచ్చారు. మీ అమ్మగారు ఒక్కసారీ రాలేదేం?"

అమ్మ పోయి ఏడాది. "పిల్లలకు పరీక్షలు, మూడోరోజుకల్లా వచ్చెయ్" అన్నారు మావారు అప్పుడు. వచ్చేశాను. నాలుగోరోజు రిసెప్షన్లో నవ్వుతూ కూర్చున్నాను.

"ఎంతో ప్రయత్నించాను మేడం. అమ్మని మాత్రం అబద్ధంగా తెచ్చుకోలేకపోయాను" అన్నాను. ఏడుపొచ్చేసింది. టైమైపోయాక కూడా ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ ఒక్క ముక్క రాసుకోలేదు. లేచేటప్పుడు, "వచ్చేవారం రండి. కల అక్కర్లేదు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి మావారు టీవీ చూస్తున్నారు. పక్కన అత్తగారు. నేను వంటింట్లోకి వెళ్ళలేదు. వాళ్ళెదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఇద్దరూ వింతగా చూశారు.

"ఏమంది ఆవిడ? తగ్గిపోయినట్టేనా?" అన్నారాయన.

అలవాటైన నవ్వు పెదాలదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపేశాను.

"లేదండీ" అన్నాను. "మా అమ్మ చచ్చిపోయింది."