ఏరని పలక

శ్రావణమేఘమాలికలు సముద్రముపైనుండి లేచి వాల్తేరు కొండల శిరస్సులను కప్పివేయగా మధ్యాహ్నముననే సంధ్యాభ్రాంతిని గొల్పుచు తెరపిలేని వాన రసాయనప్రయోగశాల కిటికీ అద్దములపై జాలువారుచుండెను. ఆ మసకవెలుగున పరిశోధకురాలు సువర్చల తన యౌవనమెల్ల ధారవోసి రూపొందించిన ఎలక్ట్రోడులను భూతద్దము క్రింద నొక్కటొక్కటిగ పరికించుచుండెను. అవి కర్బనపు సిరాతో నచ్చొత్తిన వ్రేలెడేసి పట్టీలు. త్రాగునీటి బొట్టు పడినంతనే అందు దాగిన సీసమును విద్యుత్ప్రవాహముగ పసిగట్టి యంత్రపు తెరపై శిఖరరేఖగ నిలుపునట్టివి. విదేశమునుండి పెట్టెలలో వచ్చు పట్టీలకంటె తన పట్టీలే మిన్నయని నిరూపించుటయే ఆమె సిద్ధాంతవ్యాసము. జీవితమున నామెకు వేరొక నిరూపణము లేదు. సమర్పణము మరునాడే.

పగులువారిన పట్టీని అంచు చెదరిన పట్టీని ఆమె వ్రేళ్లు తలంపు లేకయే చెత్తబుట్టలోనికి జార్చుచుండెను. ప్రక్కబల్లనున్న సహపరిశోధకుడు కూర్మారావు అది చూచి నవ్వెను.

“ఏటి సువర్చలా, పెళ్లిచూపులా? నీ పిల్లల్లో మచ్చున్నదాన్ని దాచేసి, నదురైనోళ్లనే కూకోబెడతన్నావు. పరాయోళ్ల పిల్లల్ని మాత్రం పెట్టెలోంచి నిద్రమొకంతోనే లాక్కొచ్చేస్తన్నావు!”

“నీ నోటికి తాళమెయ్య! పని చూసుకో కూర్మీ.”

ఆమెయు నవ్వెను. ఆ నవ్వు సగములోనే యాగిపోయెను. విదేశపు పట్టీలను తానెన్నడును ఏరలేదు. ఇన్నేండ్ల పోలికయు ఏరిన పట్టీలకును ఏరని పట్టీలకును నడుమనే జరిగినది.

తన పట్టీలను వరుసలుగ నచ్చొత్తిన పలకలలో ఇంకను ఏరని పలక యొకటి మిగిలియుండెను. అందలి పట్టీలను వరుసతప్పక తీసి పరీక్షింపగా ఒకే నీటిని ఒక పట్టీ విషమనెను, మరియొకటి అమృతమనెను. విదేశపు పట్టీలన్నియు ఒక్కమాటయే చెప్పెను.

కూర్మారావు మొగము చిన్నబోయెను. “నానేదో ఎకసెక్కానికన్నాను. ఎవులికి తెలుస్తాది? రేపిచ్చేయ్.”

“తెలిసి చేసుంటే ఇచ్చేద్దును,” అని యామె మెల్లగ పలికెను.

మరునాడు సమర్పణము జరుగలేదు. మోసగాడు తాను దాచినచోటు నెరుగును. మమకారము దాచినది దాచిన కంటికే కానరాదు. ఆ సాయంకాలము సువర్చల బజారున వంకాయల రాశియెదుట నిలిచెను. “ఏరుకో తల్లీ, అన్నీ లేతవే!” యని అమ్మునది పిలుచుచుండగా చాచిన చేయి దేనిపైనను వ్రాలజాలకపోగా ఆమె వానలో వట్టిసంచితో మరలిపోయెను.