శశికి మాటలు రావాలి

పిన్ని వాళ్ళింట్లో మధ్యాహ్నం కూలర్ వేయగానే ఇల్లంతా నీళ్ళ కిందికి వెళ్ళిపోయినట్టుండేది. కిటికీకి బిగించిన పాత ఇనప కూలర్ అది. దాని హోరులో కింద ఆబిడ్స్ రోడ్డు మీది బస్సులూ, బట్టల కొట్ల ముందు నిలబడి పిలిచేవాళ్ళ కేకలూ, నాంపల్లి స్టేషన్ వైపు నించి వచ్చే రైలు కూతలూ అన్నీ మునిగిపోయేవి. తడిసిన వట్టివేళ్ళ వాసన గదంతా పరుచుకునేది. ఆకుపచ్చ కర్టెన్ గుండా వచ్చిన వెలుతురు గోడ మీద మెల్లగా కదిలేది. నేనూ శశీ చాప మీద పడుకుని దాన్ని చూస్తూ ఉండేవాళ్ళం. ఒక్కోసారి మేమిద్దరం చేపలమేమో అనిపించేది.

శశి పూర్తి పేరు శశికిరణ్. మా హైందవి పిన్ని కొడుకు. రెండేళ్ళు నిండాయి. నడుస్తాడు, పరిగెత్తుతాడు, ఎవరి చెప్పులో ఎవరికో తెచ్చి ఇస్తాడు. మాట మాత్రం లేదు. 'అమ్మ' అని కూడా అనలేదు.

నేను ఇంటర్ పరీక్షలు రాసి, వేసవంతా వాణ్ణి చూసుకోవడానికి మా ఊరి నించి వచ్చాను. పిన్ని నాంపల్లి కోర్టులో ఒక లాయరుగారి దగ్గర టైపు చేస్తుంది. బాబాయి మందుల కంపెనీ పని మీద జిల్లాలు తిరుగుతాడు. పిన్ని అత్తగారు నాగరత్నం మామ్మగారు ఇంట్లోనే ఉంటారు కానీ, మోకాళ్ళ నొప్పులతో ఆవిడ శశి వెనకాల పరిగెత్తలేరు. నేను వాణ్ణి బాగా చూసుకుంటే, కోఠీలో ఆడపిల్లల కాలేజీలో చేర్పించి తన దగ్గరే ఉంచుకుంటానని పిన్ని మా అమ్మకి చెప్పింది. పొద్దుటిపూట శశి ప్లేస్కూల్లో, నేను కాలేజీలో. మధ్యాహ్నం నించి ఇద్దరం ఇంట్లో. అలా అనుకున్నారు. మా ఊళ్ళో ఇంటర్ తర్వాత చదువు లేదు. హాస్టల్లో పెట్టడానికి నాన్న ఒప్పుకోడు. అందుకని ఆ ఇల్లు వదిలి వెళ్ళడమంటే నాకు చదువు వదలడమే.

సాయంత్రం ఎండ తగ్గాక శశిని ఎత్తుకుని పబ్లిక్ గార్డెన్‌కి వెళ్ళేదాన్ని. పిన్ని కోర్టు నించి తిన్నగా అక్కడికే వచ్చేది. గడ్డి దగ్గర ఒక బెంచీ చుట్టూ చిన్నపిల్లల తల్లులూ తండ్రులూ చేరేవాళ్ళు. ఎవరూ ఎవరికీ చుట్టాలు కారు. అయినా ఎవరి పిల్ల రాత్రి ఎన్నిసార్లు లేచిందో అందరికీ తెలుసు.

"రాగి జావ పల్చగా కాచాలి జెర్లిన్. చిక్కగా అయితే మా వాడు నా ముఖం మీదే ఉమ్ముతాడు," అనేది పిన్ని.

"మావాడు పల్చగా కాచినా ఉమ్ముతాడు. వాడికి వాళ్ళ నాన్న ముఖం అయితే ఇంకా ఇష్టం," అనేది జెర్లిన్ ఆంటీ. ఆవిడ కొడుకు అనురాగ్‌కి శశి కంటే రెండు నెలలు తక్కువ. వాడు చెట్టుకీ, ఉడతకీ, దారిన పోయే పోలీసుకీ కూడా "ప్రైజ్ ద లార్డ్ తాతా" అని చెప్పేవాడు.

ఎల్లేష్ అన్నకి కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది. ఆయన భార్యకి దవాఖానలో సాయంత్రం డ్యూటీ. అందుకని కూతురు సంహితని ఆయనే తెచ్చేవాడు. "అక్కా, మనం గూడ ఒక ప్లేటు పట్టుకొని కూసోవాలె. మనం తింటలేమని చూస్తే వాళ్ళెందుకు తింటరు? గట్ల తిని తిని నేను గిట్లయిన," అని తన పొట్ట చూపించేవాడు.

నేను బెంచీ చివర కూర్చుని వినేదాన్ని. నాకు కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. ఏమైనా అడిగితే తల ఊపుతాను. వాళ్ళు మాట్లాడుతుంటే ఆ మాటలు చింతాకులు రాలినట్టు నా మీద పడుతున్నట్టుండేది. దద్దుర్లకి కొబ్బరినూనె, పళ్ళు వచ్చేటప్పుడు చల్లటి తడిగుడ్డ, ఎక్కిళ్ళకి నుదుటి మీద తడి దారప్పోగు. శశి ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి పాకుతూ, ఎక్కిన ప్రతివాళ్ళ చెవికీ తడి నోరు ఆనించేవాడు. వాళ్ళు చక్కిలిగింతతో ముడుచుకుపోయి వాణ్ణి దించేసేవాళ్ళు.

"వెనక పండ్లు వస్తున్నయ్ అక్కా, గందుకే," అన్నాడు ఎల్లేష్ అన్న.

"పళ్ళు సరే. మాటలెప్పుడు వస్తాయి?" అంది పిన్ని. నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు తొందరగా అయిపోయింది. "చెవులు పరీక్ష చేయించాం. బాగానే వినపడుతుందట. వాడితో ఎక్కువ మాట్లాడమన్నాడు డాక్టరు."

"అదే మందు," అంది జెర్లిన్ ఆంటీ. "మీరేం చేస్తున్నా నోటితో చెప్తూనే ఉండాలి. నీళ్ళు పోస్తున్నా, తలుపు తీస్తున్నా, ఇది పప్పు, ఇది నెయ్యి. రేడియోలాగా. మా అనురాగ్‌కి అలాగే వచ్చాయి."

"గిప్పుడు ఆ రేడియో బంద్ చేసే మందు గూడ చెప్పున్రి," అన్నాడు ఎల్లేష్ అన్న.

అందరూ నవ్వారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు నా వైపు చూశారు. రోజంతా శశి దగ్గర ఉండేది నేనే కదా.

ఇంటికి వచ్చాక మామ్మగారు ఆ మాట పైకే అన్నారు. ఆవిడ వస కొమ్ము ఉస్మాన్‌గంజ్ నించి తెప్పించి, అరగదీసి నాలుకకి రాస్తే మాటలు వస్తాయని సానరాయి కడిగి పెట్టుకున్నారు. డాక్టరు వద్దన్నాడని పిన్ని ఆ కొమ్ము తీసి బీరువాలో దాచింది. "వద్దులే. వాడికి ఎందుకూ, ముందు నీ అక్క కూతురికి రాయవలసింది. మీ అక్క మర్చిపోయినట్టుంది," అన్నారు మామ్మగారు. నేను నవ్వేశాను. ఆవిడ మాట్లాడే తీరు మా ఊరివాళ్ళ లాగే ఉంటుంది. ఆవిడ మామగారు ఆంధ్ర నించి వచ్చి ఇక్కడ సచివాలయంలో చేరినప్పటి నించీ, అన్నేళ్ళు హైదరాబాదులో ఉన్నా, అది మారలేదు.

మర్నాటి నించి నేను జెర్లిన్ ఆంటీ చెప్పినట్టు చేయాలనుకున్నాను. కానీ పక్క గదిలో మామ్మగారు ఉండగా, జవాబు చెప్పని పిల్లాడితో ఒక్కదాన్నే బిగ్గరగా మాట్లాడాలంటే సిగ్గేసింది. కూలర్ హోరు మీద వినపడాలంటే అరవాలి. అరవడం నాకు చేతకాదు. అందుకని శశి పక్కన పడుకుని వాడి చెవి దగ్గర నోరు పెట్టి, ఊపిరితో చెప్పేదాన్ని. ఇది బువ్వ. ఇది పప్పు. ఈ గోడ మీద చేపలు. ఇది పెద్ద చేప, ఇది నువ్వు. వాడు కదలకుండా వినేవాడు. తర్వాత నా చెవికి నోరు ఆనించేవాడు. వెచ్చటి గాలి తగిలేది. ఆ గాలీ, కూలర్ గాలీ, వట్టివేళ్ళ వాసనా కలిసి నాకు నిద్ర వచ్చేది. నిద్రలో కూడా వాడికి ఏదో చెబుతూనే ఉన్నట్టుండేది.

మే నెల చివరికి వచ్చింది. శశి నోరు విప్పలేదు.

ఒక సాయంత్రం గార్డెన్ నించి వస్తూ పిన్ని నా చేయి పట్టుకుంది. "నర్మదా, జెర్లిన్ వాళ్ళకి తెలిసిన ఒక ఆయా ఉందిట. గలగలా మాట్లాడే మనిషట. సోమవారం నించి రమ్మన్నాను."

నేను తల ఊపాను.

"నీ తప్పని కాదమ్మా. నువ్వు వాణ్ణి నేనెంత చూసుకుంటానో అంత చూసుకున్నావు. కానీ వాడికి మాటలు రావాలి. ఇద్దరిని ఉంచుకునే ఇల్లు కాదు మాది, నీకు తెలుసుగా."

ఆ దారంతా మెట్రో స్తంభాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతుంటే చూశాను. నేను రైల్లో ఉన్నట్టు, ఊరు అప్పుడే దగ్గరికి వచ్చేస్తున్నట్టు అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు పోయింది.

కూలర్ రెక్క కాసేపు తిరిగి తిరిగి ఆగింది. వట్టివేళ్ళలోంచి నీటి చుక్కలు పడే చప్పుడు, తర్వాత అదీ లేదు. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. కర్టెన్ ఊగడం ఆగి, గోడ మీది వెలుతురు కదలకుండా నిలిచిపోయింది. శశి లేచి కూర్చుని గోడ వైపు చూశాడు. తర్వాత పాకుతూ వచ్చి నా చెవికి నోరు ఆనించాడు.

"చేపలు బజ్జున్నాయి," అన్నాడు.

గొంతు లేదు. ఒట్టి ఊపిరే. కానీ ప్రతి అక్షరం ఉంది.

నేను కదలలేదు. కదిలితే అది కలైపోతుందని భయం. వాడు మళ్ళీ వంగాడు. "పెద్ద చేప బజ్జుంది. నమ్మద బజ్జోలేదు."

అప్పుడు తెలిసింది. వాడు ఇన్నాళ్ళూ మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడటం అంటే చెవికి నోరు ఆనించి ఊపిరి విడవడమే అని నా దగ్గర నేర్చుకున్నాడు. ఇంట్లో కూలర్ ఆ మాటల్ని తినేసింది. గార్డెన్‌లో పెద్దవాళ్ళు వినకుండానే వాణ్ణి దించేశారు.

ఆ సాయంత్రం గార్డెన్‌కి వెళ్ళకుండా ఇంట్లోనే ఉన్నాం. పిన్ని ఇంటికి వచ్చేసరికి కరెంటు వచ్చింది. నేను గుమ్మంలోనే చెప్పాను. ఎప్పుడూ చెప్పనంత గబగబా చెప్పాను. పిన్ని చెప్పులు కూడా విప్పకుండా శశిని ఎత్తుకుని, ముఖంలో ముఖం పెట్టి, "ఏదీ, చెప్పు నాన్నా. చేప అను. అమ్మ అను," అని కూలర్ హోరు మీదుగా అరిచింది. శశి ఆమె బొట్టు వంక చూస్తూ ఊరుకున్నాడు.

పిన్ని వాణ్ణి దించి నా తల నిమిరింది. "నువ్వు ఇక్కడ ఉండాలని నాకూ ఉంది నర్మదా. దానికోసం లేనిది కల్పించక్కర్లేదు."

ఆ మాట నన్ను కొట్టినట్టయింది.

శనివారం గార్డెన్‌లో ఆయా సంగతి అందరికీ తెలిసింది. నేను వెళ్ళిపోతానని తెలిసి జెర్లిన్ ఆంటీ నాకో బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చింది. తర్వాత అందరూ శశి చుట్టూ చేరారు. పిన్ని, "నిన్న మాట్లాడాడంటుంది మా నర్మద," అని చెప్పింది, నన్ను చిన్నబుచ్చకూడదని మెల్లగా.

"ఔనా? జర మాకు గూడ చెప్పురా శశీ," అని ఎల్లేష్ అన్న చప్పట్లు కొట్టాడు. జెర్లిన్ ఆంటీ పాట ఎత్తుకుంది. అనురాగ్ కూడా "చెప్పు చెప్పు" అని గంతులేశాడు. శశి వాళ్ళ కాళ్ళ మధ్య నించి దారి వెతుక్కుని పిన్ని చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకున్నాడు.

"అందరూ కాసేపు ఊరుకోండి," అన్నాను.

నా గొంతు నాకే వింతగా వినపడింది. కొంచెం పగిలింది కూడా. ఎల్లేష్ అన్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. బెంచీ మీద వాళ్ళందరూ నన్ను అప్పుడే చూస్తున్నట్టు చూశారు.

"పిన్నీ, కింద కూర్చో. వాడి వైపు చూడకు. చెవి మాత్రం ఇవ్వు. ఏమీ అడక్కు."

"నర్మదా..."

"ఒక్కసారి పిన్నీ."

పిన్ని గడ్డి మీద కూర్చుంది. జెర్లిన్ ఆంటీ అనురాగ్ నోటి మీద మెత్తగా చేయి పెట్టింది. అసెంబ్లీ వైపు ఆకాశం ఎర్రమట్టి రంగులో ఉంది. ఎండిన ఆకు ఒకటి పిన్ని ఒళ్ళో పడింది. శశి అది తీసి చూశాడు, నలిపాడు, పారేశాడు. తర్వాత ఆమె భుజం పట్టుకుని నిలబడి చెవికి నోరు ఆనించాడు. పిన్ని ముడుచుకోకుండా ఉండటానికి కళ్ళు గట్టిగా మూసుకుంది.

చాలాసేపు అలాగే ఉన్నారు. పిన్ని మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది.

"ఏమన్నడు అక్కా?" అన్నాడు ఎల్లేష్ అన్న, ఆయన కూడా ఊపిరితోనే.

"'అమ్మ అలిసిపోయింది. ఇప్పుడొద్దు' అంటున్నాడు," అంది పిన్ని. "మళ్ళీ మళ్ళీ అదే అంటున్నాడు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గార్డెన్ నించి ఇంటికి చేరగానే వాణ్ణి ఎత్తుకుని చెవిలో నేనే అలా చెప్పేదాన్ని. ఆమె కాసేపు నడుం వాల్చాలని. "నేనే చెప్పాను పిన్నీ. ఇంటికి వచ్చాక నీ మీద పడకూడదని," అన్నాను.

పిన్ని శశిని ఒళ్ళోకి లాక్కుని, ఈసారి తనే వాడి చెవి దగ్గరికి వంగింది. ఏం చెప్పిందో మాకెవరికీ వినపడలేదు. శశి ఆలోచించి, ఆమె చెవిలో జవాబు చెప్పాడు. ఆమె మళ్ళీ ఏదో అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు మెల్లగా లేచి పిల్లలను ఎత్తుకుని ఎడంగా వెళ్ళారు. ఎల్లేష్ అన్న వెళుతూ నాతో, "మంచిగ చెప్పినవ్ చెల్లె. కానీ గింత గొంతు పెట్టుకొని ఇన్నిదినాలు ఏడ దాచినవ్?" అన్నాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు దీపాలు వెలిగాయి. శశి పిన్ని భుజం మీద పడుకుని ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె చెవీ, మెడా తడిసిపోయాయి. తుడుచుకోలేదు. ఎదురొచ్చేవాళ్ళని తగులుకుంటూ, తల ఒక పక్కకి వంచి నడుస్తోంది. స్టేషన్ రోడ్డు దగ్గర ఆగి, "ఇప్పుడు పైకి మాట్లాడటం కూడా నేర్పాలి వీడికి. ఇంట్లో నువ్వూ నేనూ ఇద్దరం గట్టిగా మాట్లాడుకోవాలి. అయినా వస్తుందంటావా?" అంది.

నేను తల ఊపాను.

"చీకట్లో తల ఊపితే నాకేం తెలుస్తుంది. ఆయాని రావద్దని చెప్పేస్తాను. నువ్వు ఉంటావా?"

"ఉంటాను పిన్నీ."

పైన మెట్రో వెళ్ళింది. కింద బస్సు హారన్ కొట్టింది.

"వినపడలేదు," అంది పిన్ని.

నేను మళ్ళీ చెప్పాను, రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు తిరిగి చూసేంత గట్టిగా.