వంకాయ రంగు పూసిన వీధి

నేను ఒక ఊరి పటాన్ని. గుడ్డ అంటించిన దళసరి కాగితం మీద, మంచమంత వెడల్పున నన్ను గీశారు. ఎవరు ఎక్కడ కాపురం ఉండాలో, కొట్లు ఎక్కడ పెట్టుకోవాలో, ఫ్యాక్టరీల పొగ ఎవరి ఇంటి మీదికి పోవాలో చెప్పడం నా పని.

నన్ను గీసినవాడు పట్టణ ప్రణాళికా సంఘం ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ లక్కోజు వీరభద్రాచారి. ఆరు నెలలు టేపు పట్టుకుని సందుసందునా తిరిగాడు. ఇళ్లకు పసుపు, బజారుకు నీలం, ఫ్యాక్టరీలకు వంకాయ రంగు. మురుగుకాలవ అవతల చీపుళ్లు కట్టేవాళ్ల వీధిలో నలభై రెండు గడపలు లెక్కపెట్టి, దానికీ పసుపే పూశాడు. ఎండన పడి తిరుగుతున్నానని అక్కడ ఎవరో తల్లి మజ్జిగ ఇచ్చిందని పక్క గుమాస్తాకు చెప్పుకుని మురిసిపోయాడు.

తరువాత సంఘం కూర్చుంది. ఏడుగురు సభ్యులు. అధ్యక్షుడి వియ్యంకుడికి పురుగుమందుల గోడౌనుకు జాగా కావలసి వచ్చింది.

"కాలవ అవతల ఎవరున్నారయ్యా ఆచారీ?" అన్నాడు అధ్యక్షుడు.

"నలభై రెండు ఇళ్లున్నాయండి. చూసొచ్చాను."

"పట్టాలున్నాయా?"

"లేవండి."

"అయితే లేనట్టే. రంగు మార్చు."

ఆచారి కుంచెను రెండుసార్లు నీళ్లలో ముంచి, రెండుసార్లూ ఊరికే తీశాడు. మూడోసారి వంకాయ రంగు అద్దాడు. పసుపు కనబడకుండా రెండు పూతలు పూశాడు. మనుషులు తమకిష్టం లేని పనిని కూడా ఎంత శుభ్రంగా చేస్తారో నాకు ఆ రోజే తెలిసింది.

అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువిచ్చి నన్ను వరండాలో వేలాడదీశారు. ఇరవై ఎనిమిదో రోజున గుంజి ఎలీసమ్మ అనే ఆవిడ కూతురు మణెమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఆచారికి మజ్జిగ ఇచ్చిన మనిషి.

"మా వీధి ఏదయ్యా ఇందులో?"

ఆచారి వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ ఇళ్లు గీయలేదే!"

అతను పటం మీంచి వేలు తీసేశాడు. చదువుకున్న మణెమ్మ అక్కడే కూర్చుని అర్జీ రాసింది. తల్లి వేలిముద్ర వేసింది. దాని విచారణ నాలుగు నిమిషాలు జరిగింది. పటంలో ఇళ్లు లేవు గనుక అభ్యంతరం చెల్లదన్నారు. నన్నే సాక్ష్యంగా చూపించారు.

వీధిని ఆనుకునే గోడౌను లేచింది. రెండో వేసవిలో, మిట్టమధ్యాహ్నం, అది అంటుకుంది. మంట కన్నా ముందు పొగ వీధిలోకి దిగింది. పదకొండు మంది పోయారు. మణెమ్మ ఆ పదకొండుమందిలో ఉంది.

జిల్లా నుంచి విచారణాధికారి వచ్చాడు. అధ్యక్షుడు నన్ను బల్ల మీద పరిచాడు.

"గోడౌను ఉండవలసిన చోటే ఉందండి. వాళ్లే ఉండకూడని చోట ఉన్నారు."

వెనక నుంచి ఆచారి లేచాడు. జేబులోంచి బ్లేడు తీసి నన్ను గీకడం మొదలుపెట్టాడు. కాగితం ఒకచోట చిరిగింది. అడుగునుంచి పసుపు బయటపడింది.

"ఇళ్లున్నాయని నాకు తెలుసండి. వీళ్లు కప్పమంటే కప్పాను."

అధికారి మినిట్సు పుస్తకం తెప్పించాడు. 'డ్రాఫ్ట్స్‌మన్ నివేదికను అనుసరించి, కాలవ అవతల ఇళ్లు లేవు' అని రాసి ఉంది. కింద ఏడు సంతకాలు. ఏడుగురూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. రికార్డు పాడుచేసినందుకు, తప్పుడు పటం గీసినందుకు ఆచారిని అక్కడికక్కడే సస్పెండు చేశారు.

వరండాలో ఎలీసమ్మ కూర్చుని ఉంది. అతను ఆమెను దాటి పోలేకపోయాడు.

"ఈ మాట ఆరోజే అనుంటే ఏమయ్యేదయ్యా?"

"ఉద్యోగం పోయేదమ్మా."

"ఇప్పుడు పోయిందిగా."

ఆమె తిట్టలేదు, శపించలేదు. ఆచారి చెప్పులు వదిలిన చోటు మరిచిపోయి, వట్టికాళ్లతో వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను రికార్డు గదిలో, చెదలు పట్టిన కట్టల మధ్య ఉన్నాను. ఊరికి కొత్త పటం కంప్యూటరులో వచ్చింది. గోడౌను మళ్లీ కట్టారు, ఈసారి రెండంతస్తులు. వీధిలో మిగిలినవాళ్లను ఎనిమిది మైళ్ల అవతల, చీపురుపుల్ల మొలవని నేలలో దింపారు. ఎలీసమ్మ మాత్రం పోలేదట. గోడౌను గేటుకు ఎదురుగా కూర్చుని చీపుళ్లు కడుతోందని అటెండరు చెబుతుంటే విన్నాను. ఆమెను అక్కడినుంచి లేపాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆమె ఇంకా లేవలేదు.